అంబోసేలి యేనుఁగులు

"ఏనుఁగు బ్రదికినను వేయి, చచ్చినను వేయి" అని మనవారి సామెత. ఇది యెంతవఱకు నిజమో ఆఫ్రికా యేనుఁగుల వృత్తాంతమువలన విచారింతము.

కెన్యా దేశమున, కిలిమంజారో పర్వతమునకు ఉత్తరముగా, అంబోసేలి జాతీయవనము కలదు. దాని వైశాల్యము 392 చదరపు కిలోమీటర్లు. పర్వతముపైఁ గురిసిన నీరు భూగర్భమునఁ బ్రవహించి ఇచ్చట ఊటలై పైకుబుకును. ఆ నీటికై యేనుఁగులు వచ్చును. 1972వ సంవత్సరమున సింథియా మాస్ అను అమెరికా దేశపు స్త్రీ, వానిని ఒక్కొక్కదానిని గుర్తించి వ్రాసియుంచు పనికిఁ బూనుకొనెను. ఆ పని నేఁటికిని సాగుచున్నది.

ఇన్ని యేనుఁగులలో ఏది యేదియో యెట్లు తెలియును? మనకు వ్రేలిముద్ర యెట్టిదో ఏనుఁగునకుఁ జెవి యట్టిది. చెవియంచున నుండు చీలికలు, రంధ్రములు, నరముల తీరు ఏ రెండింటికిని ఒక్కవిధముగ నుండవు. వానిని, దంతముల వంపును పరికించి, ఛాయాచిత్రము తీసి, పేరు పెట్టుదురు. ఒక కుటుంబములోని పేరులన్నియు ఒకే యక్షరముతో మొదలగును. జనన మరణములు పుస్తకమున కెక్కును.

ఇందువలనఁ గలిగిన జ్ఞానము గొప్పది. కుటుంబమును నడుపునది బలిష్ఠమైన మగయేనుఁగు కాదు, వృద్ధురాలగు ఆఁడుయేనుఁగు. 2001లో వెలువడిన యొక పరిశోధనలో, ముందుగా రికార్డు చేసిన యేనుఁగు పిలుపులను కుటుంబములకు వినిపించిరి. వృద్ధనాయకురాలు గలవి తెలిసినదాని గొంతును క్రొత్తదాని గొంతును చక్కఁగా వేఱుపఱచినవి. 1993లో టాంజానియా దేశమందలి తరంగిరే వనమునఁ గఱవు రాఁగా, అట్టి నాయకురాండ్రు తమవారిని వనము వెలుపలికిఁ గొనిపోయి గున్నలను ఎక్కువగా దక్కించుకొనిరి.

వేఁటకాండ్రు పెద్ద దంతములనే కోరుదురు గనుక ముందు కూలునవి వృద్ధమైనవే. ఒక్క అవ్వ చచ్చిన, నీటిచోట్ల యెఱుకయు ఆమెతోడనే పోవును. 1989లో దేశములు కూడి దంతపు వర్తకమును నిషేధించెను. ఆ యేఁడే కెన్యా 12 టన్నుల దంతమును బహిరంగముగా దగ్ధము చేసెను. నేఁడు కాపలాదారులు తిరుగుచున్నారు. కొన్ని యేనుఁగుల మెడకు ఉపగ్రహమునకు జాడ తెలుపు పట్టెడలను కట్టుచున్నారు. కాని వనము చిన్నది. ఏనుఁగులు మేఁతకై మాసాయి పశుకాపరుల నేలలలోనికి పోవును. వారి సౌహార్దము లేనిచో ఏ కాపలాయుఁ జాలదు.

విద్యార్థులారా, మన యింట నవ్వకుఁ దెలిసినది పుస్తకములలో నుండదు కదా! చచ్చిన యేనుఁగు వేయి యనుట దంతము కొనువాని లెక్క. బ్రదికియున్న ముసలి యేనుఁగు విలువ దాని వెనుక నడచు గున్నలకే తెలియును.