ఎర్రబస్సు ముచ్చట్లు

మన ఆర్టీసీ పుట్టింది రైల్వే వాళ్ల ఇంట్లో! 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన కిందే రోడ్డు రవాణా విభాగాన్ని తెరిచింది. అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి హైదరాబాద్ బస్‌భవన్‌లో భద్రంగా ఉంది, వీలైతే చూసి రండి. 1951 నవంబరులో ఈ విభాగం హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది.

ఆర్టీసీ బస్సు నంబరు ప్లేటు మీద ‘జెడ్’ అక్షరం గమనించారా? ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు బస్సుల మీద ఉండాలని కోరుకున్నాడనీ, ఆ పేరులోని మొదటి అక్షరమే ఇలా నిలిచిపోయిందనీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు.

హైదరాబాద్ గౌలిగూడలోని పాత బస్టాండు సీబీఎస్‌లో బస్సెక్కిన వాళ్లకు ఆ పెద్ద గుండ్రటి రేకుల షెడ్డు గుర్తుండే ఉంటుంది. అసలది విమానాల కోసం తయారైన షెడ్డు. ఊరి పెద్ద బస్టాండు మూసీ మధ్యలోని ఇమ్లీబన్‌కు, అంటే ఇప్పటి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు మారాక కూడా గౌలిగూడ నుంచి సిటీ బస్సులు నడిచాయి. 2018 జూలైలో ఆ షెడ్డు కుప్పకూలింది. అంతకు కొద్ది రోజుల ముందే ప్రమాదం పసిగట్టి బస్సులు ఆపేయడం వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇక బస్సు రూట్ల మీద నడిచిన కోర్టు కథ. 1950ల చివర్లో కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరుగుతున్న రూట్లను ఆర్టీసీకి అప్పగించడానికి ప్రభుత్వం పథకం వేసింది. బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాటలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాదన ఒకరు విని తీర్పు మరొకరు చెబితే ఇక వినడానికి అర్థమేముందని కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసింది కూడా తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. తర్వాత ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రభుత్వం పాఠం నేర్చుకుంది. రెండోసారి అభ్యంతరాలను ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు, 1959లో కోర్టు ఒప్పుకుంది. దేశంలో ఏ లా కాలేజీలో చదివే విద్యార్థయినా నేటికీ ఈ కేసు చదవాల్సిందే. బెజవాడ చుట్టుపక్కల తిరిగిన బస్సుల గొడవ దేశానికంతటికీ న్యాయసూత్రమై నిలవడం నాకెంతో గర్వంగా అనిపిస్తుంది.

కథ అక్కడితో ఆగలేదు. కర్నూలు జిల్లా రూట్ల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల దరిమిలా 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. బస్సు రూట్ల కోసం ముఖ్యమంత్రి కుర్చీ వదిలిన ఆయనే 1977లో రాష్ట్రపతి అయ్యారు.

కోర్టు సంగతి వదిలి ఇక కొండెక్కుదాం. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. కొండెక్కేది రెండో దారిలో, దిగేది మొదటి దారిలో. ఘాట్ మీద బండి నడపాలంటే డ్రైవరుకు విడిగా శిక్షణ ఉంటుంది. 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు కూడా ఎక్కుతున్నాయి. దిగేటప్పుడు బ్రేకు వేసిన కొద్దీ వీటి బ్యాటరీకి కొంత కరెంటు తిరిగొస్తుంది. ఏడుకొండలకు ఇంతకంటే తగిన బస్సు లేదు.

ప్రపంచంలోకెల్లా పెద్ద బస్సుల సంస్థగా 1999లో గిన్నిస్ రికార్డుకెక్కినప్పుడు ఏపీఎస్ఆర్టీసీ దగ్గరున్న బస్సులు 18 వేలకు పైనే. రాష్ట్రం విడిపోయాక సంస్థా రెండయింది. ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు.

పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ, ఇంద్ర, గరుడ, అమరావతి, వెన్నెల, లహరి... పేర్లు పెట్టడంలో మనవాళ్లకు మంచి అభిరుచి ఉంది.

టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్లు రాకముందు కండక్టరు పని ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు తెలియదు. చంకలో సంచి, చేతిలో రంగురంగుల టికెట్ల ట్రే. నిండిన బస్సులో జనాన్ని తోసుకుంటూ టికెట్లు కొట్టాలి, చిల్లర లెక్క చూడాలి. స్టేజీ వచ్చేలోగా ప్రతి రకం టికెట్టు నంబరూ లెక్కల కాగితమైన ఎస్సార్‌లో రాసి మూయాలి. మూయకముందే చెకింగ్ వాళ్లు ఎక్కితే సంజాయిషీ తప్పదు. పైన కట్టిన తాడు లాగితే డ్రైవరు దగ్గర గంట మోగేది. ఒక గంటకు ఆగాలి, రెండు గంటలకు కదలాలి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. డబ్బు కట్టకపోయినా జీరో టికెట్ తీసుకోవాలి. ప్రభుత్వం సంస్థకు చెల్లించేది ఆ టికెట్ల లెక్క మీదనే. కనుక అక్కలూ, టికెట్ అడిగి మరీ తీసుకోండి.

2021లో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకు సంస్థ జీవితాంతం చెల్లే ఉచిత పాసు ఇచ్చింది. ఆ మరుసటేడు భద్రాద్రి రాములోరి కల్యాణ తలంబ్రాలను కార్గో విభాగం భక్తుల ఇళ్లకు చేర్చింది.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఆఖరి ట్రిప్పుకు పల్లె చేరి అక్కడే ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు బస్సులోనో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో పడుకుంటారు. తెల్లవారుజామున పాల క్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లతో బయలుదేరుతుంది. లాభం చూసుకునేవాడెవడూ ఆ రూటుకు బస్సు వేయడు.

ఆ బస్సు ఉంటుందా, ఎత్తేస్తారా అన్నది డిపోలో ఓఆర్ చూసి తేలుస్తారు, అంటే ఎన్ని సీట్లు నిండుతున్నాయన్న లెక్క. మీ ఊరికి బస్సుంటే పది నిమిషాలు ఆలస్యమైనా ఆటో ఎక్కకుండా దానికోసం ఆగండి. లేకపోతే ఊళ్లో సంతకాలు పెట్టించి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి.