పోటీ ఎద్దు జీవితము: ఎంపిక, పోషణ, విశ్రాంతి



పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి ఊరేగించుట మన రుద్రూరు, బోధన్ ప్రాంతమున పెద్దలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. ఒకప్పుడు నిజాంసాగర్ కాలువ క్రింద పండిన చెరకును ఎడ్లబండ్లు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చేర్చెడివి. తరువాత ఆ పని ట్రాక్టర్ల పాలయినది. ఫ్యాక్టరీయు 2015లో మూతబడినది. ఇప్పుడు ఎద్దును మేపువారు తగ్గిరి. మేపువారిలో కొందరికి మాత్రము పోటీ ఎద్దుపై మక్కువ హెచ్చినది. ఒక జత గిత్తలపై పెట్టు డబ్బు చిన్నది కాదు. కావున పోటీ ఎద్దు బ్రతుకు ఎట్లుండునో, అది ఎన్నాళ్ళు పనికివచ్చునో, పిమ్మట దాని గతి ఏమో ముందుగానే తెలిసికొనవలెను.

మన పోటీ, పరదేశపు పోటీ

బండలాగుడు పోటీలు కృష్ణా, గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపున హెచ్చు. మన రాష్ట్రమున సూర్యాపేట జిల్లా మేళ్ళచెరువు శివరాత్రి జాతరలో జరుగు పోటీలు పేరుగన్నవి. జత గిత్తలకు బండ కట్టి, నిర్ణయించిన సమయములో అవి ఎన్ని అడుగుల దూరము లాగినవో కొలుతురు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని వయస్సును బట్టి తరగతులుండును. బండ బరువును తరగతిని బట్టి మారును.

అమెరికాలో పోటీ మరొక రకము. అచట ఎద్దు బరువు లాగదు. తన వీపుపై కూర్చున్న మనిషిని ఎగిరి పడవేయును. మనిషి ఒక్క చేతితో త్రాడు పట్టుకొని 8 సెకండ్లు నిలువవలెను. మొత్తము 100 మార్కులలో సగము ఎద్దు ఎగిరిన తీరుకే ఇత్తురు. బుష్‌వాకర్ అను ఎద్దు 2006లో పుట్టినది. అది వరుసగా 42 మందిని పడవేసినది. 2013 ఆగస్టులో జె.బి. మానీ అనువాడు టుల్సా నగరములో దానిపై 8 సెకండ్లు నిలిచినాడు. అది 2011, 2013, 2014 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచి, 8 ఏండ్ల వయస్సున పోటీల నుండి విరమించినది.

అచటి ఎగిరెడు ఎద్దులలో అనేకమునకు బ్రాహ్మన్ జాతి రక్తమున్నది. మన దేశము నుండి వెళ్ళిన ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ పశువులతోనే అమెరికావారు ఆ జాతిని తయారుచేసిరి. బ్రెజిల్‌లో ఒంగోలు పశువును నెలోర్ అందురు. అది నెల్లూరు పేరే. మన జాతి విలువను వారు గుర్తించి, పుట్టుకల లెక్క వ్రాసికొని వృద్ధి చేసికొనిరి.

ఎంపిక

విజేత ఎద్దు శిక్షణ వలననే తయారగునని తలచరాదు. సగము బలము పుట్టుకలోనే యున్నది. దూడను కొనునపుడు తల్లిని, తండ్రిని, వీలయినచో తోబుట్టువులను చూడుడు. వెడల్పయిన ఛాతి, తిన్నని వీపు, నిండైన మూపురము, సూటిగా నిలుచు కాళ్ళు, నల్లని గట్టి గిట్టలు ఉండవలెను. నడచునపుడు వెనుక కాళ్ళు ఒకదానికొకటి ఒరయరాదు.

వయస్సును పండ్లను బట్టి తెలిసికొనుడు. మొదటి జత శాశ్వతపు పండ్లు సుమారు రెండు, రెండున్నర ఏండ్లకు వచ్చును. రెండవ జత మూడేండ్ల ప్రాంతమున, మూడవ జత మూడున్నర నుండి నాలుగేండ్ల లోపున, నాలుగవ జత నాలుగున్నర, ఐదేండ్లకు వచ్చును. పండ్లు నిండువరకు ఎముకలు, కీళ్ళు ఎదుగుచునే యుండును. పాలపండ్ల దూడతో పెద్ద బండ లాగించినచో ఆ ఏడు బహుమతి రావచ్చును గాని, కీళ్ళు చెడి ఆరు పండ్లు వచ్చునప్పటికి కుంటిదగును. అమెరికాలో సైతము రెండేండ్ల గిత్త వీపుపై మనిషిని ఎక్కించరు. చిన్న పెట్టె కట్టి నాలుగు సెకండ్లు మాత్రమే ఎగురనిత్తురు.

పోషణ

పచ్చి జొన్న, ఎండు చొప్ప ముఖ్యాహారము. ఉడికించిన ఉలవలు, తవుడు, చెక్క దాణాగా పెట్టవలెను. చెరకు పండించు చోట దాని కొన ఆకులు దొరకును. వానిలో మాంసకృత్తులు తక్కువ. అవి ఒక్కటే మేపిన పశువు బలపడదు. పప్పుజాతి పశుగ్రాసము కలిపి, ఖనిజ లవణ మిశ్రమమును ఇయ్యవలెను.

పోటీ దగ్గరపడినదని ఒక్కసారిగా ధాన్యము, బెల్లము హెచ్చించుట ప్రమాదము. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని అరిగించుటకు అలవాటుపడి యుండును. పిండిపదార్థము, తీపి ఎక్కువగా చేరినచో పొట్టలో ఆమ్లము పెరిగి, నెమరు ఆగి, పశువు తూలును. గిట్టలు వాచును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. దాణాను రెండు వారములు కొద్దికొద్దిగా పెంచుడు.

జాతరలో వందల పశువులు ఒక్కచోట చేరును. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి, గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందు వేయించవలెను. జ్వరమున్న ఎద్దును పోటీకి తోలుకొనిపోరాదు. కొత్తగా కొన్న దానిని మూడు వారములు వేరుగా కట్టివేయుడు.

పనియు, విశ్రాంతియు

బరువును వారము వారము కొద్దిగా పెంచవలెను. గట్టిగా లాగిన మరునాడు తేలికగా నడిపించుట చాలును. కాడి క్రింద మెడపై పుండు కనిపించినచో మానువరకు కాడి పెట్టరాదు. నొప్పి తెలియకుండ సూది వేయించి లాగించుట మహా దోషము. నొప్పి పశువును కాపాడు హెచ్చరిక. అది తెలియనిచో చిరిగిన కండరముతోనే ఎద్దు లాగును.

చట్టమును గమనింపవలసినదే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము కొట్టుటను, మితిమీరిన బరువును నిషేధించినది. 1965 నాటి నియమముల ప్రకారము పశువుచే దినమునకు 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండ 5 గంటలకు మించి బండి లాగించరాదు. వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన చోట మధ్యాహ్నము 12 నుండి 3 వరకు పని చేయించరాదు. ఎండకాలములో వచ్చు జాతరలలో ఈ నియమము మీకే మేలు.

విరమణ తరువాత

మనము ఎక్కువగా నష్టపోవునది ఇచటనే. ఎద్దు బహుమతులు తెచ్చినంత కాలము పేరుండును. కుంటువరకు లాగించి, పిమ్మట అమ్మివేసినచో దాని బలము దానితోనే పోవును. ఎద్దు దృఢముగా నున్నప్పుడే పోటీ మాన్పించి, ఊరి ఆవులకు ఆబోతుగా నుంచుడు. ముందుగా పశువైద్యునిచే ఈసుడు రోగపు రక్తపరీక్ష చేయించుడు. దాని కూతుళ్ళు ఎదకు వచ్చులోపున, అనగా రెండు మూడేండ్లకొకసారి, ఆబోతును వేరొక ఊరితో మార్చుకొనవలెను. శుద్ధమైన ఒంగోలు గిత్తలను గూర్చి తెలిసికొనదలచువారు గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధనా కేంద్రమును అడుగవచ్చును.

ఒక చిన్న పుస్తకమును ఉంచుకొనుడు. దూడ పుట్టిన తేది, తల్లిదండ్రుల పేర్లు, వేసిన టీకాలు, లాగిన దూరము, తగిలిన దెబ్బలు వ్రాయుడు. రెండేండ్లలో ఆ పుస్తకమే ఎద్దును ఎప్పుడు నడిపింపవలెనో, ఎప్పుడు ఆపవలెనో మీకు చెప్పును. ఎద్దును కొనవచ్చిన వానికి గూడ అదే నమ్మకమయిన సాక్ష్యము.