ఇద్దరే నటించే సంగీత నాటకం

సంగీత నాటకం అంటే వేదిక నిండా మనుషులుంటారు. పాడేవాళ్ళు కొందరు, ఆడేవాళ్ళు కొందరు, ఊరికే గుంపులో నిలబడేవాళ్ళు మరికొందరు. అయితే, మొదటినుంచి చివరిదాకా ఇద్దరే నటించే సంగీత నాటకం ఒకటి అమెరికాలో పుట్టింది. దాని పేరు "ఐ డూ! ఐ డూ!" అక్కడి పెళ్ళిళ్ళలో, "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని మతగురువు అడిగినప్పుడు వరుడు చెప్పే జవాబు అది. వధువు చెప్పేదీ అదే.

యాన్ ద హార్టోగ్ అనే డచ్చి రచయిత రాసిన "ది ఫోర్‌పోస్టర్" నాటకం దీనికి మూలం. టామ్ జోన్స్ దీనికి మాటలూ పాటలూ రాశాడు, హార్వీ ష్మిట్ బాణీలు కట్టాడు. వేదిక మీద ఉండేది ఒక పడకగది, అందులో పెద్ద పందిరిమంచం. కథ 1898లో మైకేల్, ఆగ్నెస్‌ల పెళ్ళితో మొదలై, యాభై ఏళ్ళ కాపురమంతా ఆ గదిలోనే నడుస్తుంది. వాళ్ళు పోట్లాడుకుంటారు, మళ్ళీ కలుసుకుంటారు. పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుంటారు గాని, ఒక్కరూ వేదిక మీదికి రారు! చివరకు ముసలి దంపతులు ఆ ఇంటిని ఒక కొత్త జంటకు వదిలి వెళ్ళిపోతారు.

1966 డిసెంబరులో న్యూయార్కులో మేరీ మార్టిన్, రాబర్ట్ ప్రెస్టన్ దీనిని ప్రదర్శించారు. ఇద్దరే కావటం చేత ఎవరికీ విశ్రాంతి లేదు. ఒకరు కాస్త అలిసిపోతే, ఆ భారం పంచుకునేందుకు మూడోవాడు లేడు. అందుచేత కొంతకాలానికి మ్యాటినీ ఆటలకు మరొక జంటను పెట్టవలసి వచ్చింది. 1968లో ఆగిపోయేనాటికి 560 ఆటలు ఆడారు.

అసలు విడ్డూరం ఆ తరవాత జరిగింది. మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరానికి దగ్గరలో చాన్‌హాసెన్ అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి నాటకశాలలో ప్రేక్షకులు బల్లల ముందు కూర్చుని భోజనం చేస్తారు, అక్కడే నాటకం చూస్తారు. ఇలాటి చోట్లకు ఈ నాటకం చాలా అనువైనది. ఇద్దరికి జీతాలు, ఒక గది, ఒక మంచం ఉంటే చాలు. 1971లో డేవిడ్ ఆండర్స్, సూసన్ గోపింగర్ అక్కడ నటించటం మొదలుపెట్టారు. నాటకం 1993 దాకా ఆగలేదు! ఆడిన ఆటలు 7,600కు పైమాటే. అంటే, వారానికి సుమారు ఏడు చొప్పున ఇరవై రెండేళ్ళు. న్యూయార్కులో ఆడినవాటికి ఇది పదమూడు రెట్లు!

రోజూ పెళ్ళి చేసుకుని ముసలివాళ్ళయే ఆ ఇద్దరూ నిజంగానే పెళ్ళి చేసుకున్నారు. మొదటి సంవత్సరాలలో వాళ్ళు చివరి రంగం కోసం ముడతలు గీసుకోవలసి వచ్చి ఉంటుంది. ఇరవై రెండో ఏట మాత్రం, మొదటి రంగంలో కొత్త పెళ్ళికొడుకుగా, పెళ్ళికూతురుగా కనిపించటానికే ఎక్కువ రంగు పూసుకుని ఉంటారు.