చీకట్లో దివిటీలు లెక్కపెట్టేదెలా?

ఆదోని మార్కెట్‌కు వెళ్లే పత్తి బండి నుంచి ఒక్క దూదిపోగు లాగి చూడండి. ఆ పోగంతా ఒకే ఒక్క కణం! పత్తిగింజ పైపొరలోని కణమే రెండు మూడు సెంటీమీటర్లు సాగింది. మిగతా కణాలు ఇంత సులువుగా కంటికి ఆనవు. పైగా లోపలంతా గాజులా పారదర్శకం. మరి అందులో ఏదో ఒక్కదాన్ని పట్టి చూసేదెలా?

దసరా రాత్రి దేవరగట్టు కొండ దగ్గర దివిటీలతో జరిగే ఉత్సవం గుర్తుందా? చీకట్లో మనుషులు ఆనరు, దివిటీలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధనశాలల్లోనూ ఇదే ఉపాయం. చూడాలనుకున్న దానికే మెరిసే రంగు అంటిస్తారు. నీలికాంతి వేస్తే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. టీ వడగట్టినట్టు నీలాన్ని ఆపేస్తే, నల్లటి తెరమీద మిగిలేవి ఆకుపచ్చ చుక్కలే.

చిక్కంతా ఇక్కడే. దూరం నుంచి చూస్తే పక్కపక్కనున్న రెండు దివిటీలు ఒకటే అనిపిస్తాయి కదా! మైక్రోస్కోపుదీ అదే గోడు. మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు కన్నా దగ్గరున్న చుక్కలు కలిసిపోతాయి. అందుకని అన్నిటినీ ఒకేసారి వెలిగించరు. విడతకు కొన్నే వెలుగుతాయి, ప్రతి విడతా ఒక ఫొటో. కంప్యూటర్ ఒక్కో మసక చుక్కకు నడిమధ్య ఎక్కడో పట్టుకుని, వేల ఫొటోలను ఒకే చిత్రంగా పేరుస్తుంది. ఇలాంటి ఉపాయాలకే 2014లో ఎరిక్ బెట్‌జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు నోబెల్ వచ్చింది, అదీ రసాయనశాస్త్రంలో!

వచ్చే దసరాకు దేవరగట్టు దివిటీలను దూరం నుంచే చూసి, ఏది ఒకటో, ఏవి రెండో చెప్పండి చూద్దాం.