మౌఖిక గేయాల గృహధ్వనిముద్రణ: ల్యాప్‌టాప్, ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఎంపిక (పులివెందుల ప్రాంత క్షేత్రానుభవం ఆధారంగా)

వ్యాససంగ్రహం: జానపద గేయాలను, భజనలను ఇంటివద్దనే ధ్వనిముద్రణ చేసే పరిశోధకులు, కళాకారులు ల్యాప్‌టాప్‌ను ఎంచుకునేటప్పుడు సాధారణంగా దాని వేగాన్ని చూస్తారు. మౌఖిక సాహిత్య సేకరణకు వేగం కన్నా యంత్రం నిశ్శబ్దంగా ఉండటం, బ్యాటరీ నిలకడ, ఫైలు దీర్ఘకాలం తెరుచుకోవడం ముఖ్యమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: జానపద గేయం, ధ్వనిముద్రణ, ల్యాప్‌టాప్, ఆపరేటింగ్ సిస్టమ్, చెక్కభజన, పులివెందుల.

1. ఉపోద్ఘాతం

జానపద గేయాన్ని సేకరించడమంటే చాలాకాలం దాని పాఠాన్ని కాగితం మీద రాసుకోవడమే. 1874లో జె.ఎ. బాయిల్ 'ఇండియన్ యాంటిక్వరీ'లో తెలుగు గాథాగేయాలను పరిచయం చేసిన నాటినుండి, 1958లో ఆచార్య బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయసాహిత్యము' వెలువడిన నాటివరకు మనకు అందినది ప్రధానంగా అక్షరరూపమే. శిష్టసాహిత్యంలోనూ ఈ లోటు ఉంది. అన్నమయ్య సంకీర్తనలకు రాగిరేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయి. ఆయన పాడిన వరుసలు మాత్రం మనకు దక్కలేదు.

ఈ వ్యాసానికి ప్రేరణ నా సొంత పొరపాటు. పులివెందుల ప్రాంతంలోని ఒక గ్రామంలో ఒక అవ్వ విసుర్రాయి తిప్పుతూ పాడిన పాటను ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఇంటికి వచ్చి రాసుకోబోతే చాలా చరణాల్లో పాదాంతాలు వినబడలేదు. రాతి గరగరను 'అనవసర శబ్దం'గా భావించిన ఫోను, దానిని తగ్గించే ప్రయత్నంలో పాట చివరి సాగదీతను కూడా మింగేసింది. పాదాంతంలోని ఆ సాగదీత ఎన్ని మాత్రలో తెలియకుండా ఆ గేయపు నడకను నిర్ణయించలేం. "అవ్వా, ఇంగోసారి పాడుతావా?" అని అప్పుడే అడిగి ఉంటే బాగుండేది. మరుసటి సంవత్సరం వెళ్ళేసరికి ఆమె లేదు. ఆ పాట నా దగ్గర ఇప్పటికీ సగంగానే ఉంది.

2. యంత్రానికి ముందు గది

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో చాలా ఇళ్ళకు నేల కడప బండ. పాత మిద్దెలలో కొన్నింటికి పైకప్పూ బండలే. నునుపైన రాయి ధ్వనిని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. అలాంటి గదిలో ఎంత ఖరీదైన పరికరం పెట్టినా గొంతు బావిలోనుంచి వచ్చినట్లే ఉంటుంది. దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంది. నేలమీద రెండు బొంతలు పరచి, గాయకుల వెనుక గోడకు మరొకటి వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. వడ్లబస్తాలున్న కొట్టు గది దొరికితే ఇంకా మంచిది.

రెండో సమస్య ఎండ. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ధ్వనిముద్రణ సమయంలో పైన తిరిగే ఫ్యానును ఆపక తప్పదు. గది వేడెక్కేకొద్దీ ల్యాప్‌టాప్ లోపలి చిన్న ఫ్యాను వేగం పెంచుకుంటుంది, ఆ ఈల లాంటి శబ్దం మైకులో పడుతుంది. పెద్దాపురం పట్టు పరచినా పోని సమస్య ఇది. తెల్లవారుజామున పని పెట్టుకోవడం ఒక మార్గం, సరైన యంత్రాన్ని ఎంచుకోవడం రెండవది.

3. ల్యాప్‌టాప్: ఏది అవసరం, ఏది కాదు

సంగీతం కోసం ల్యాప్‌టాప్ కొనేవారికి దుకాణదారులు ముందుగా చెప్పేది శక్తిమంతమైన ప్రాసెసరు, గ్రాఫిక్ కార్డు. పదుల ట్రాకులు కలిపి, కృత్రిమ వాద్యాలు జోడించే సినిమా పాటకు శక్తిమంతమైన ప్రాసెసరు కావాలి. ఒకరిద్దరు గాయకులు, ఒక హార్మోనియం, తాళం ఉన్న చోట రెండు ఛానెళ్ళు చాలు. ఆ పనిని 8 జీబీ ర్యామ్ ఉన్న సాధారణ యంత్రం సులభంగా చేస్తుంది. విడివిడిగా ట్రాకులు పాడించి కలపాలనుకునే భజన బృందాలు 16 జీబీ తీసుకోవడం మేలు. గ్రాఫిక్ కార్డుకు పెట్టే డబ్బు ధ్వని విషయంలో వృథా. పైగా అది వేడిని, తద్వారా ఫ్యాను మోతను పెంచుతుంది.

ఫ్యానే లేని ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి. 2020 చివరలో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ వాటిలో బాగా తెలిసినది. అటువంటిది దొరకకపోతే యంత్రాన్ని పక్కగదిలో ఉంచాలి. ఇక్కడ ఒక సాంకేతిక వివరం గుర్తుంచుకోవాలి. సాధారణ యూఎస్‌బీ తీగను 5 మీటర్లకు మించి లాగితే నమ్మకం లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు తీగను మాత్రం అంతకు ఎన్నో రెట్లు లాగవచ్చు. కాబట్టి మైకును యంత్రానికి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్ దగ్గరే ఉండాలి, పొడవంతా మైకు తీగలోనే ఉండాలి.

బ్యాటరీ సంగతి చాలామంది పట్టించుకోరు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళలో ఛార్జరు తగిలించి రికార్డు చేస్తే 50 హెర్ట్జ్ విద్యుత్ ఝంకారం తంబూర శ్రుతిలా పాట అడుగున నడుస్తూనే ఉంటుంది. ఛార్జరు తీసేస్తే చాలాసార్లు అది మాయమవుతుంది. పాట మధ్యలో కరెంటు పోయినా చింత ఉండదు. పాత ల్యాప్‌టాప్ కొనే పరిశోధక విద్యార్థులు ప్రాసెసరు కన్నా ముందు బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో పరీక్షించుకోవాలి.

4. ఆపరేటింగ్ సిస్టమ్

ఈ విషయంలో వాదోపవాదాలు చాలావరకు 'లేటెన్సీ' చుట్టూ తిరుగుతాయి. పాడిన గొంతు యంత్రంలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లోకి తిరిగి రావడానికి పట్టే ఆలస్యమే అది. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 నమూనాల బఫరు అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే సుమారు 21. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనుకు మూర పైచిలుకు దూరం కూడా పోదు కనుక, మొదటిది రెండు మీటర్ల దూరంలో కూర్చున్న తోటి గాయకుడిని వినడం లాంటిది. ముందుగా రికార్డు చేసిన తబలా వింటూ పాడేవారికి రెండోది ఇబ్బంది పెడుతుంది. అయితే విసుర్రాయి ముందు కూర్చున్న అవ్వకు మనం హెడ్‌ఫోన్లు పెట్టం. ఆమె విషయంలో బఫరును ఎంత పెద్దదిగా ఉంచితే అంత భద్రం, ధ్వని మధ్యలో తెగదు. కనుక సేకర్తకు లేటెన్సీ నిర్ణాయక అంశం కాదు.

నిర్ణాయకమైనది వేరే ఉంది: యంత్రం మనకు తెలియకుండా ధ్వనిని దిద్దుతుందా, లేదా? విండోస్‌లో కొన్ని ల్యాప్‌టాప్‌లు మైకు ధ్వనిని 'మెరుగుపరిచే' సదుపాయాలను ముందే ఆన్ చేసి ఇస్తాయి. చెక్కభజనలో ఇది ఘోరం. చెక్క పడిన ప్రతిసారీ స్వయంచాలక నియంత్రణ స్థాయిని తగ్గించడంతో గురువు గొంతు మునిగి తేలుతూ ఉంటుంది. వాటన్నింటినీ ఆపివేసి, ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఆసియో డ్రైవరును వాడితే విండోస్ కూడా నమ్మదగినదే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలలో అనేకం విండోస్ 11 నిబంధనలకు సరిపోవు.

మ్యాక్‌లో కోర్ ఆడియో వ్యవస్థ అంతర్భాగం. ప్రామాణిక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు డ్రైవరు లేకుండానే పనిచేస్తాయి, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఖరీదు, మరమ్మతుకు పట్టణాలకు పరుగెత్తవలసి రావడం దీని లోపాలు. లినక్స్‌లో ఉబుంటు స్టూడియో, ఆర్డర్ వంటివి పాత యంత్రానికి కొత్త ప్రాణం పోస్తాయి. కొనేముందు ఆ ఇంటర్‌ఫేస్ లినక్స్‌లో పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. ఆడాసిటీ మూడింటిలోనూ ఉచితంగా నడుస్తుంది. నా అభిప్రాయంలో చేతిలో ఉన్న వ్యవస్థను వదిలి మరొకటి కొనవలసిన అవసరం సేకర్తకు అరుదు. మిగిలిన డబ్బు మంచి మైకుకు పెట్టడం లాభదాయకం.

5. ఫైలు

అంతర్జాతీయ ధ్వనిభాండాగారాల సంఘం డిజిటల్ భద్రతకు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ప్రమాణాన్ని, వేవ్ రూపాన్ని సూచిస్తుంది. ఈ లెక్కన స్టీరియో ధ్వని గంటకు ఒక జీబీకి కొంచెం ఎక్కువ. 24 బిట్ల వల్ల మరో సౌకర్యం ఉంది. స్థాయిని గరిష్ఠానికి 12 డెసిబెల్స్ తక్కువగా ఉంచుకున్నా నాణ్యత చెడదు, చెక్కల తాకిడికి ధ్వని పగలదు.

తక్కువ రేటు ఎంపీ3లో పై పౌనఃపున్యాలు ముందుగా పోతాయి. 'ౘాప'లోని దంత్య చకారానికి, 'చాపము'లోని తాలవ్య చకారానికి మధ్య భేదం చాలావరకు ఆ పై భాగంలోనే ఉంటుంది. కడప మాండలికాన్ని పరిశీలించే వారికి ఆ నష్టం పాట నష్టం కన్నా తక్కువది కాదు.

తెల్లవార్లూ సాగే తోలుబొమ్మలాటకు, భజనకు మరో చిక్కు ఉంది. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు. పై ప్రమాణంలో అది నాలుగు గంటల చిల్లర. అందువల్ల విరామం దొరికినప్పుడల్లా కొత్త ఫైలు ప్రారంభించాలి. బయటి డిస్కును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే మ్యాక్, విండోస్, ఇటీవలి లినక్స్ మూడూ చదువుతాయి. గ్యారేజ్‌బ్యాండ్ ప్రాజెక్టును మాత్రమే దాచుకుంటే అది ఆపిల్ యంత్రాల్లోనే తెరుచుకుంటుంది కాబట్టి వేవ్ ప్రతిని తప్పక విడిగా తీయాలి.

ఫైలు పేరులో తేదీ, క్రమసంఖ్య అంకెల్లో ఉంటే చాలు. ఊరు, పాడినవారు, సందర్భం, పాట నేర్చుకున్న తీరు పక్కనే తెలుగు యూనికోడ్‌లో ఒక సాదా పాఠ్యఫైలుగా రాసుకోవాలి. పాడినవారి అనుమతిని రికార్డు మొదట్లోనే వారి గొంతుతో చెప్పించుకోవాలి. ఒక ప్రతిని వేరే ఊరిలో, వేరే డిస్కులో ఉంచాలి. ఎంపీ3 ప్రతినొకదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, పాడినవారి ఇంట్లో టీవీకి తగిలించి, అది వినబడుతోందని చూసుకున్నాకే అక్కడినుండి లేవాలి.