అటకలోని నురుగు

ఇంటికప్పు సంగతి మగవారిదనియు, వంటయింటి సంగతి మాత్రమే మనదనియు తలచువారు నేటికిని కొందరు కలరు. ఆ కప్పు క్రింద పగలెల్ల మసలువారెవరు, అర్ధరాత్రమున బిడ్డ దగ్గునప్పుడు లేచి కూర్చుండువారెవరు అని యోచించినచో ఆ తలంపు నిలువదు. నాకీ మాట బాగుగా బోధపడినది 2023 వేసవిలో, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు చెంత కాపురమున్న మా చెల్లెలి యింట.

మన మిద్దెలకు సున్నము వేయుదుము, పెంకుటిండ్లలో అటక కట్టుదుము. అమెరికాలో ఇండ్లు చాలవరకు కొయ్యచట్రముతో కట్టబడును. టెక్సాసు ఇండ్లలో గదులకు చల్లనిగాలిని గొనిపోవు గొట్టములు తరచుగా కప్పు క్రింది అటకలోనే పరచియుండును. నడివేసవిలో ఆ అటక 130 డిగ్రీల ఫారన్‌హీటును మించి కాగును. డబ్బు పోసి చల్లబరచిన గాలిని పొయ్యిమీదుగా త్రిప్పి గదిలోనికి పంపుట యెట్టి గృహకృత్యమో మీరే చెప్పుడు!

ఆ వేసవి మొదట చెల్లెలు ఫోనులో నన్నడిగినది: "అక్కా, అటకలో స్ప్రే ఫోము కొట్టింపవలెనని మీ మరదిగారు పట్టుబట్టినారు. ఓపెన్ సెల్ అని యొకటి, క్లోజ్డ్ సెల్ అని యొకటి కలవట. రెండవది ఇంచుమించు రెండింతల ఖరీదు. ఖరీదైనదే మంచిది కదా?" దాని కుమారునకు ఏడేండ్లు, ఉబ్బసము కలదు. నేను కొంతకాలము పాఠశాలలో రసాయనశాస్త్రము చెప్పినదానను. "నేను వచ్చువరకు బయానా ఇయ్యకు" అంటిని.

ఈ నురుగు పాలీయురెథేను జాతిది. 1937లో జర్మనీలో ఆటో బేయరు అను శాస్త్రవేత్తయు, అతని తోడివారును ఈ జాతి పదార్థమును కనుగొనిరి. రెండు పీపాలలో రెండు ద్రవములు వచ్చును. ఒకదానిలో ఐసోసయనేటు, రెండవదానిలో పాలియోలు మున్నగునవి. పిచికారీ మూతికడ అవి కలసి, కప్పుచెక్కపై పడిన క్షణములలో పొంగి గట్టిపడును. పిదప దానిని తీయవలెనన్న చెక్కను గీకవలసినదే. నచ్చకున్న అంగడికి త్రిప్పి పంపుటకు ఇది చీర కాదు.

ఓపెన్ సెల్ నూరింతల వరకు పొంగును. దానిలోని బుడగలు ఒకదానిలోనికొకటి తెరచుకొని యుండును. కావున అది మెత్తన, తేలిక, ఘనపుటడుగు సుమారు అరపౌను తూగును. ఇడ్లీ సాంబారును పీల్చినట్లు నీటిని పీల్చును; నీటియావిరిని తనగుండ పోనిచ్చును. క్లోజ్డ్ సెల్‌లోని బుడగలు మూతబిగించిన చిన్న డబ్బీలవంటివి. ఘనపుటడుగు సుమారు రెండు పౌనులుండును, చేతితో నొక్కిన లొంగదు. వేడిని అడ్డు శక్తికి అచ్చటివారు ఆర్ విలువ అను కొలతను వాడుదురు. అంగుళము మందమునకు మెత్తనిదానికి సుమారు 3.5, గట్టిదానికి 6 మొదలు 7 వరకు.

అమ్మువాడు ఈ అంకెలనే ముందు పెట్టును. అంకెలు అబద్ధము కావు. కాని కప్పువాసముల నడుమ చోటున్నచో మెత్తని నురుగునే ఇంచుమించు రెండింతల మందముగా వేసిన అంత ఫలమును వచ్చును. చోటు చాలని తావులందును, వరదనీరు చేరు నేలమాళిగలందును గట్టినురుగునకు సాటి లేదు. కనుక ఏది మేలని అడుగుటకంటె ఎచ్చట వేయుదురని అడుగుట మేలు.

కప్పు విషయమున నాకు తోచిన మొదటి ప్రశ్న వాననీటిని గూర్చినది. కప్పుపలక యొకటి పగిలినచో, మెత్తని నురుగులో నీరు దిగి క్రింద మరకగా కనబడును. గట్టినురుగు నీటిని దిగనీయదు. ఆ నీరు చెక్కవెంబడి ప్రక్కకు ప్రాకి, మనకు తెలియకుండ కొయ్యను కుళ్లించవచ్చును. ఇంగ్లండులో ఈ నురుగు వేసిన కప్పులుగల ఇండ్లపై అప్పిచ్చుటకు పలు సంస్థలు వెనుదీయుటకు ఒక హేతువు, లోపలి కొయ్యను పరీక్షించుటకు వీలులేకపోవుటయే.

అట్లని మెత్తనిది దోషరహితము కాదు. ఆవిరిని పోనిచ్చును గనుక, గట్టి చలిగల ఉత్తర రాష్ట్రములలో ఇంటి తేమ దానిగుండ పోయి చల్లని చెక్కపై నీరుగా పేరుకొనును. అచ్చట ఆవిరిని ఆపు పూత గాని, గట్టినురుగు గాని కావలెను. ఉక్కగల దక్షిణమునను, మూసివేసిన అటకలోనికి కొంచెము చల్లనిగాలి వదలనిచో తేమ నిలుచును. ఈ తావున మన తెలుగిండ్ల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. ప్రొద్దుటి కుక్కరు మొదలు రాత్రి చారు వరకు మన పొయ్యిమీద ఆవిరి ఆగదు. చెల్లెలి వంటయింటి ఫంకా ఆ ఆవిరిని ఇంటి బయటకు గాక అటకలోనికే వదలుచుండెను! ముందది సరిచేయించితిమి.

ప్రాణముతో కూడిన మాట మరియొకటి. ఆ అటకలో నీళ్లు కాచు గ్యాసుయంత్రము కలదు. అది అటకలోని గాలితోనే మండును. నురుగుతో అటకను బిగించినచో గాలి చాలక, రంగు వాసన లేని విషవాయువగు కార్బన్ మోనాక్సైడు ఇంటిలోనికి రావచ్చును. ఆ యంత్రమును తీసి, బయటిగాలిని తన గొట్టముగుండనే తెచ్చుకొనుదానిని పెట్టించితిమి. ఈ వ్యయము అమ్మువాని చీటీలో లేదు.

బాలుని సంగతికి వత్తును. ఆరని నురుగునుండి లేచు ఐసోసయనేటు ఉబ్బసమును కలిగింపగలదు. ఒకమారు ఒంటికి పడనిదైనచో పిమ్మట మిక్కిలి కొలదిగా సోకినను బాధించును. అందుచేతనే పనివారు వేరుగా గాలి తెచ్చుకొను ముసుగులు తొడుగుకొందురు. మొదట వచ్చిన గుత్తేదారు, "మీరు మేడమీద తలుపు వేసికొని యుండవచ్చును, సాయంకాలమునకు వాసన పోవును" అనెను. తాను ముసుగు తొడుగుకొనుచు బిడ్డను తలుపు చాటున ఉంచుమనువానికి ఇల్లప్పగింపరాదని చెల్లెలే నిశ్చయించుకొన్నది. రెండవ గుత్తేదారు, ఇంట నెవ్వరు నుండరాదనియు, గాలి త్రిప్పు ఫంకాలు ఎన్నిగంటలు నడుపుదురో, తయారీదారు చెప్పిన గడువెంతో వ్రాసి యిచ్చెను. సాధారణముగా ఆ గడువు ఒక దినమునకు తక్కువ యుండదు. మేము నాలుగు దినములు స్నేహితుల యింట గడపితిమి.

తుదకు కప్పు క్రింద మెత్తని నురుగే వేయించితిమి. బాలుని గది మోటారుకొట్టము మీద కలదు. ఆ గది నేల క్రింద మాత్రము గట్టిది. అచ్చట చోటు తక్కువ, కారు పొగ పైకి రారాదు. నురుగు నిప్పంటుకొనును గనుక దానిని కప్పి జిప్సము పలకను బిగించిరి. ద్రవముల పాళ్లు తప్పినచో కుళ్లిన చేపవంటి కంపు వచ్చుననియు, అది ఎన్నినాళ్లకును పోకుండవచ్చుననియు తెలిసియుండుటచే, ఐదవనాడు ముందుగా నేనే మెట్లెక్కి అటకలో గడియసేపు కూర్చుంటిని. కొత్తకొయ్య వాసనయే గాని వేరొకటి లేదు. పిదపనే పిల్లవానిని పిలిచితిమి.

వాని ఉబ్బసము తగ్గినదని నేననను. అందుకై వేయించినదియు గాదు. మధ్యాహ్నవేళ ఆ మేడగదిలో కూర్చుండి చదువుకొనగలుగుచున్నాడు, అంతియే. 2024 వసంతమున పెద్ద వడగండ్లవాన కురిసినది. రెండుదినములకు చెల్లెలు దీపము పట్టుకొని అటక యెక్కి చూడగా, లేతపసుపు నురుగుపై అరచేతి యంత నల్లని మరక కనబడినదట. ఆ తావునకు సరిగా పైన కప్పుపలకలు రెండు చిట్లియుండెను. ఆ వారమే మార్పించినది.