ఒక్కో పంక్తికి ఒక్కో ఊపిరి

గొంతు కాస్త బొంగురుపోతే చాలు, ‘ఈ ఆదివారం పాడలేనండి అయ్యగారూ’ అంటారు మా సాతంరాయి క్వయర్ పిల్లలు. అప్పుడు వారికి కర్టిస్ మేఫీల్డ్ సంగతి చెబుతాను.

1942లో షికాగోలో పుట్టిన ఈ నల్లజాతి గాయకుడు, నాయనమ్మ బోధకురాలిగా ఉన్న సంఘంలో పాడుతూ పెరిగాడు. ‘సోల్’ సంగీతానికి ఒక వేరు అలాంటి సంఘాల్లోనే ఉంది. ఇంప్రెషన్స్ బృందం కోసం ఆయన రాసిన ‘పీపుల్ గెట్ రెడీ’ 1965లో వచ్చి పౌరహక్కుల ఉద్యమానికి ధైర్యగీతమైంది. 1968లో కర్టమ్ అనే సొంత రికార్డుల కంపెనీ పెట్టి, ఇతరుల పాటలకూ నిర్మాతగా నిలిచాడు. అన్నీ భక్తిపాటలే కావు, సినిమాకూ రాశాడు.

1990 ఆగస్టు 13న బ్రూక్లిన్‌లో ఆరుబయట వేదికపై ఈదురుగాలికి లైట్ల చట్రం మీద పడింది. మెడ నుండి కిందికి శరీరం చచ్చుబడింది. గిటార్ ఇక ముట్టలేడు. కూర్చుంటే పాడేందుకు ఊపిరి చాలదు, వెల్లకిలా పడుకుంటే కొంత అందేది. అలాగే పడుకుని, ఒక్కో పంక్తి పాడి రికార్డు చేయించాడు. కాళ్లకు బొండ వేసిన చెరసాలలో పౌలు సీలలు పాడిన భాగం చదివినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

ఆ ఆల్బమ్, ‘న్యూ వరల్డ్ ఆర్డర్’, 1996లో వెలువడింది. 1999 డిసెంబరు 26న ఆయన కన్నుమూశాడు. ఎన్నిసార్లు విన్నా ఆ పాటల్లో అతుకులు నా చెవికి దొరకలేదు.